నాలుగు మీద నిలవని సామిల్లు

ఆ మే నెలలో గోదావరిఖనిలో ఎండ నలభై ఆరు దాటింది. మా శాంతిరాజ్ మామ పొద్దున ఐదున్నరకే సామిల్లు స్టార్టు చేసేవాడు. ఆరింటికల్లా దాన్ని తిట్టడం మొదలయ్యేది. ఎనిమిదింటికి దాన్ని అమ్మినవాణ్ణి, తొమ్మిదింటికి మమ్మల్ని తిట్టి, పదింటికి ఇంజను బందుపెట్టి, రేకుల పందిరి కింద మంచం వాల్చుకొని దానివైపే చూస్తూ పడుకునేవాడు.

సామిల్లు అంటే మెయిన్ రోడ్డు మీద ఉండే పెద్ద కట్టెకోత మిల్లు కాదు. ట్రాక్టరు వెనక తగిలించుకొని ఎక్కడికైనా లాక్కుపోగలిగిన మిషను. రెండు ఇనుప పట్టాల మధ్య మొద్దును కదలకుండా బిగిస్తారు. ఇంజను, బ్యాండు రంపం ఉన్న బండి ఆ పట్టాల మీద నడుస్తూ మొద్దును పలకలుగా కోస్తుంది. బండిని నడిపేది హైడ్రాలిక్ మోటారు. ఎంత వేగంగా నడవాలో చెప్పడానికి గుండ్రటి నాబు ఒకటుంటుంది, దాని చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు. ఎండిన వేపమొద్దుకు నాలుగు మీద పెట్టాలి. అన్నం తిన్న మనిషి వాకిట్లో తిరిగినట్టు బండి నిదానంగా నడవాలి.

అలా నడవకపోవడమే మా ఇంటి గొడవ. మూడు మీద పెడితే బండి కదలదు. నాలుగు మీద పెడితే కాసేపు ఊరుకుని ఉన్నట్టుండి ఉరుకుతుంది. మొద్దులో ముడి తగలగానే ఆగిపోతుంది. మామ నాబును ఐదుకు, ఆరుకు తిప్పుతాడు. ముడి దాటగానే పగ్గం తెంపుకున్న ఎద్దులా దూకుతుంది. దూకిన ప్రతిసారీ రంపం వంకరపోయి పలక మీద అల తేలుతుంది. పొద్దున కాస్త నయం, ఎండ ముదిరేకొద్దీ అధ్వానం.

"దీనికి గూడ వడదెబ్బ తాకిందేమో, మజ్జిగ పొయ్యి శాంతన్నా" అన్నాడు వడ్రంగి రాజం. పలకల కోసం రోజూ వచ్చి కూర్చునేది ఆయనే.

"నీ నోట్ల పోస్త మజ్జిగ. చుప్ కూసో."

మామ మా అమ్మకు అన్న. బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. చేరింది టింబర్‌మేన్‌గా. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టే పని. ఆ ముచ్చట్లు చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు తగ్గుతుంది. మీద బరువు పడితే కట్టె ముందే మూలుగుతుందట. ఆ మూలుగు వినే మనుషులు పక్కకు తప్పుకునేవారట.

"ఇనుము గట్ల కాదు బిడ్డా. ఇనుము చెప్పది. విరిగినంకనే తెలుస్తది" అనేవాడు.

తరవాత కట్టె పోయి ఇనుప ప్రాపులు వచ్చాయి. లోపలికి ఒత్తిడితో ద్రవం ఎక్కిస్తే అవి స్తంభాల్లా లేచి పైకప్పును పట్టుకునేవి. మామ వాటి పనీ నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళు వాటిని నిలబెట్టాడు, దించాడు, వాషర్లు మార్చాడు. శాంతిరాజ్ నిలబెట్టిన ప్రాపు ఒక్కటీ జారలేదని షిఫ్టులో పేరు. అంతకుమించి ఆయనకు ఏ పేరూ రాలేదు. ప్రమోషన్ల లిస్టులో ఎప్పుడూ కిందినుంచి మూడో నాలుగో. యూనియన్ మీటింగుల్లో వెనక వరస. చర్చిలోనూ అంతే, తలుపు పక్కన గోడకు ఆనుకొని కూర్చునేవాడు. పాట పాడితే పక్కవాళ్ళకు కూడా వినపడేది కాదు.

అలాంటి మనిషి పోయిన మాఘంలో సంఘం మీటింగులో లేచి నిలబడ్డాడు.

మా చర్చి వెనక రెండేళ్ళ కింద గాలివానకు పెద్ద వేపచెట్టు పడిపోయింది. దాన్ని ఐదు మొద్దులుగా నరికి అక్కడే దొర్లించి పెట్టారు. ఈ ఏడు కొత్త చర్చి కట్టడం పూర్తికావచ్చింది. జూలై మొదటి ఆదివారం ప్రతిష్ఠ. కొత్త గుడిలో చాపల మీద కాకుండా బెంచీల మీద కూర్చోవాలని, ఆ బెంచీలు మన వేపతోనే చేయించాలని పాస్టరయ్య అన్నాడు. అప్పుడు మామ లేచి, "మొద్దులు నేను కోస్త. నా మిషన్ ఉన్నది. పద్నాలుగు బెంచీలకు పలకలు ఇస్త" అన్నాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. పక్కన కూర్చున్న రెజీనత్తకు తన భర్త గొంతు మైకు లేకుండా అంత దూరం వినపడుతుందని ఆ రోజే తెలిసిందట.

మే రెండో వారంలో మొద్దులు మామ పందిరి దగ్గరికి వచ్చాయి. మూడో వారం మొదలయ్యేసరికి ఐదింటిలో రెండు పాడయ్యాయి. ఆ పలకలు ఒకవైపు రెండంగుళాలు, ఇంకోవైపు అంగుళం. మధ్యలో అలలు. రాజం ఒక పలకను గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "దీనిమీద కూసుంటే ప్రార్థన జేసుడు కాదన్నా, పడవ ఎక్కినట్టే" అన్నాడు.

ఆ సోమవారమే సంఘ పెద్ద జ్ఞానయ్య సారు వచ్చాడు. ఆయన బాయి టైమాఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఎవరు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా పుస్తకంలో ఎక్కించిన చెయ్యి అది. ఇప్పటికీ మాట మాట్లాడే ముందు గడియారం చూసుకుంటాడు. పాడైన పలకలను వేలితో తడిమి, మిగిలిన మూడు మొద్దులను లెక్కపెట్టాడు.

"శాంతిరాజ్, నిన్ను అవమానం చెయ్యాలని గాదు. గని ఇవి సంఘం మొద్దులు. శనివారం పన్నెండు గంటల దాక చూస్త. కాకపోతే ట్రాక్టరు పెట్టి పెద్ద మిల్లుకు తోలుకపోత."

"అయితది సార్. నాబు కాడ చిన్న తేడ, గంతే."

"చిన్న తేడ కాబట్టే శనివారం దాక టైమిచ్చిన" అని సారు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మామ మా ఇంటికి వచ్చి మిషను పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇంగ్లీషుల ఉన్నది. నువ్వు ఎంఏ చేసినవు గద, చదువు బిడ్డా."

"మామా, నాది తెలుగు ఎంఏ."

"ఎంఏల ఇంగ్లీషు ఉండదా? మరి రెండేండ్లు ఏం జేసినవ్?"

ఆయనకు జవాబు చెప్పడం కన్నా నిఘంటువు తెరవడమే తేలిక అనిపించింది. 'బండి నడకలో తేడాలు' అన్న అధ్యాయం ఆరు పేజీలు ఉంది. మంగళవారం నుంచి నేను చదివి చెప్పడం, ఆయన చెయ్యడం.

మంగళవారం గొలుసు. బండిని లాగే గొలుసు వదులైతే నడక కుదుపుతుందని ఉంది. మామ గొలుసు బిగించాడు. పట్టాల మీద పేరుకున్న రంపం పొట్టంతా గీకి, తుడిచి, చక్రాలకు గ్రీజు పెట్టాడు. నాలుగు మీద పెట్టాడు. బండి ఊరుకుంది. ఉరికింది.

బుధవారం నాబు. నాబు వెనక ఒక వాల్వు ఉంటుంది. నాబు తిప్పితే అందులో సూదిలాంటి ములుకు ముందుకూ వెనక్కూ జరిగి, మోటారుకు వెళ్ళే నూనె దారిని సన్నగానో వెడల్పుగానో చేస్తుంది. అందులో చెత్త పడితే వేగం చెప్పినట్టు వినదు. నేను వెళ్ళేసరికే మామ దాన్ని విప్పి తుడిచి, తెల్ల గుడ్డ మీద ముక్కలు వరసగా పేర్చి, గ్యాసునూనెతో కడిగాడు. అందులో చెత్త లేదు. అది ఆయనకు కోపం తెప్పించింది. చెత్త ఉంటే బాగుండేదన్నట్టు రెండోసారి కడిగాడు.

నేను తరవాతి పేజీ చదివాను. "మామా, నూనె చూడమంటున్నరు. నూనె తేటగా, తేనెరంగులో ఉండాలంట."

"ఆయిల్ మంచిగున్నది. లెవెల్ గూడ నిన్ననే పుల్ల పెట్టి చూసిన. ముందుకు పో."

ట్యాంకుకు నూనె కనపడేలా చిన్న గాజుబిళ్ళ ఉంది. దాని మీద గ్రీజు, పొట్టు కలిసి గోడకు మెత్తినట్టు మెత్తుకుపోయాయి. తుడిచి చూద్దామా అని నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళు హైడ్రాలిక్ పని చేసిన మనిషికి నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడానికి రెండు రోజులు ఖర్చయ్యాయి.

"ఈ మధ్య ఏమన్న మార్చినవా మామా? ఏదన్న మార్చినంక తేడ వస్తే మొదలు దాన్నే చూడాలని రాసిండ్రు."

"ఏం మార్చలె. కొన్నప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

గురువారం మిషను అమ్మిన కంపెనీ మెకానిక్కుకు ఫోను చేశాం. పేరు కిషన్, ఉండేది హైదరాబాదులో. మామ స్పీకరు పెట్టి ఫోనును మొద్దు మీద నిలబెట్టాడు.

"గొలుసు చూసిన్రా కాకా?"

"చూసిన."

"వాల్వు కడిగిన్రా?"

"రెండుసార్లు."

"నూనె ఎప్పుడు పోసిండ్రు?"

"ఏప్రిల్ల. నేనే పోసిన, కొత్తది."

"ఏం నూనె?"

"బాయిల హైడ్రాలిక్‌కు వాడేదే."

"బాయిల వాడేదంటే పక్కా మాలే అయ్యుంటది. అయితే నూనె కాదు. మోటారు లోపల అరిగిందేమో. ఇప్పి పంపున్రి, పది దినాలల్ల చూసి చెప్త."

"పది దినాలా? నాకున్నది రెండు దినాలు!"

"మరి నేనేం జెయ్యాలె కాకా? ఇక్కడికెల్లి ఊదాల్నా?"

మామ ఫోను బందుపెట్టి, పానా తీసి నేలకేసి కొట్టాడు. రాజం నవ్వబోయి మానుకున్నాడు. ఆ రోజు పదింటికి ముందే ఇంజను ఆగిపోయింది. మామ మంచం మీద పడుకోలేదు. మిగిలిన మూడు మొద్దుల్లో అన్నిటికన్నా పొడుగుదాని మీద కూర్చుని, దాని బెరడు గోటితో గీరుతూ ఉండిపోయాడు. అత్త అన్నానికి పిలిచినా లేవలేదు.

"వాళ్ళందరి ముంగట నిలబడి చెప్పిన" అన్నాడు చాలాసేపటికి, ఎవరితోనో తెలియదు. "మళ్ల గోడకు పోయి కూసోవాలె."

అప్పటిదాకా నాకు ఆయన మీద విసుగే ఉంది. ఆ మాట విన్నాక కూడా పోలేదు. కానీ నేను ఇంటికి వెళ్ళకుండా ఆ ఆరు పేజీలు మళ్ళీ మొదటినుంచి చదివాను.

శుక్రవారం పొద్దున నేను వెళ్ళేసరికి రెజీనత్త నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. మామ చొక్కా నీళ్ళలో ముంచి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, మళ్ళీ ముంచింది.

"ఏందత్తా?"

"ఏం లేదే. ఈ వాసన ఇంట్ల నుంచి పోయిందనుకున్న. ఇరవై రెండేండ్లు ఉతికిన ఈ తెల్ల మరకలు. ప్రాపులల్ల పోస్తరు సూడు, పాల లెక్క ఉంటది, అది మీద చింది ఇంటికొచ్చేటోడు. రిటైరైనంక గూడ ఏడికెల్లి పట్టుకొచ్చిండో ఏమో."

"సామిల్లు నూనె మరకేమో."

అత్త నన్ను జాలిగా చూసింది. "నూనె మరకైతే సబ్బు అరిగినా పోతదానే? ఇది ఉత్త నీళ్ళకే పోతది. సూడు." ఆమె చొక్కాను నీళ్ళలో ఒక్కసారి జాడించింది. మరక పోయింది. బకెట్టులో నీళ్ళు పలచటి మజ్జిగలా తెల్లబడ్డాయి.

నేను పందిరి కిందికి పరుగెత్తి ట్యాంకు గాజుబిళ్ళను చున్నీ కొంగుతో తుడిచాను. లోపల తేనెరంగు లేదు. తెల్లగా, పాలలా ఉంది.

"మామా! ఇండ్ల ఏం పోసినవ్?"

"హైడ్రాలిక్‌ది. చెప్పిన గద."

"ఇది నూనె కాదు మామా, పాలలెక్క ఉన్నది!"

"పాల లెక్కనే ఉంటది." ఆయన ముఖంలో అనుమానం లేదు. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నీళ్ళల్ల నూటికి ఐదుపాళ్ళు ప్రాపుల మందు కలిపితే తెల్లగయితది. అండర్‌గ్రౌండ్ల నూనె వాడరు బిడ్డా, నిప్పంటుకుంటది. దీని ఇంజనుకెల్లి రవ్వలు పడి, ఏప్రిల్ల ఓసారి పొట్టుకు పొగొచ్చింది. పక్కనే ఇరవై లీటర్ల నూనె. ఎంత డేంజరు! అందుకే ఆ నూనె తీసేసి, లేతు షాపుల దొరికే మందు తెచ్చి, కలిపి పోసిన."

"ఏం మార్చలె అన్నవు గద!"

"మార్చుడేంది? సేఫ్టీ చేసిన."

ఆయన అబద్ధమాడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి సేఫ్టీ వారోత్సవంలోనూ నూనె అంటే నిప్పు అని విన్నాడు. హైడ్రాలిక్ అంటే తెల్లటిదే అని చేతులకు తెలుసు. తన లెక్కలో మామ మిషనును మార్చలేదు, సరిచేశాడు. రెండు రోజులు గొలుసునూ వాల్వునూ విప్పి కడిగినవాడికి, తాను సరిచేసిన దానిలోనే తప్పు ఉంటుందని ఎలా తోస్తుంది?

పుస్తకం తెచ్చి, నూనె గురించి రాసిన వాక్యం వేలితో చూపించాను. 'తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు. వెంటనే తీసివేయవలెను.'

"గా బుక్కు రాసినోడు బాయి దిగిండా?" అన్నాడు మామ.

"బాయి దిగినోనికి సామిల్లు తెలుసా మరి?" అంది అత్త, బకెట్టుతో వచ్చి. "నువ్వు చెప్పినట్టు మిషన్ వింటలేదు, మిషన్ చెప్పేది నువ్వు వింటలేవు. మధ్యల మేము సస్తున్నం."

"పోసినంక ఎనిమిది రోజులు మంచిగనే నడిచింది గద!"

దానికి జవాబు రాజం ఇచ్చాడు. "ఆ ఎనిమిది రోజులు నువ్వు కోసింది జామాయిల్ కట్టెలన్నా, కంచెకు. నా మనవరాలు గూడ కోస్తది వాటిని. వేపమొద్దు పెట్టినప్పటికెల్లే గీ లొల్లి."

మామ మళ్ళీ కిషన్‌కు ఫోను చేశాడు. ఈసారి తాను పోసిందేమిటో ఉన్నదున్నట్టు చెప్పాడు.

"కాకా, ప్రాపు ఏం జేస్తది? ఓ జాగల నిలబడ్తది. ఒత్తిడి ఆపితే సాలు, నీళ్ళయినా ఆపుతయి. ఇది నిలబడేది గాదు, నడిచేది. వాల్వుల సూదంత సందుకెల్లి లెక్కగా పోవాలె. నూనె చిక్కగుంటే లెక్కకొస్తది. నీళ్ళు పలచన, నువ్వు ఏ నంబరు పెట్టినా పంపుల, మోటార్ల సందులకెల్లి జారిపోతయి. ఎండకు ఇంకింత పలచన. కట్టె ఆపితే ఆగుతది, వదిలితే ఉరుకుతది. నిన్ననే ఈ ముచ్చట చెప్పొద్దా?"

"నువ్వు అడగలె."

"ఏం నూనె అని అడిగిన గద కాకా!"

మామ ఫోను పెట్టేశాడు. ట్యాంకు దగ్గరికి వెళ్ళి, గాజుబిళ్ళలోని తెలుపును చాలాసేపు చూశాడు. తరవాత కింద బకెట్టు పెట్టి, అడుగు బోల్టు విప్పాడు.

ఆ పగలంతా కడగడమే. ఒకసారి కొత్త నూనె కొంచెం పోసి, ఇంజను తిప్పి, తెల్లబడి వచ్చినదాన్ని తీసేశాడు. రెండోసారీ తెల్లగానే వచ్చింది. మూడోసారి తేటగా వచ్చాక పుస్తకంలో చెప్పిన అరవై ఎనిమిదో నంబరు నూనె గుర్తు దాకా నింపాడు. నిప్పు భయం మాత్రం ఆయనను వదల్లేదు. ఇసుక నింపిన రెండు బకెట్లు తెచ్చి ఇంజనుకు అటొకటి ఇటొకటి పెట్టించాడు. పొట్టంతా పారతో ఎత్తి దూరం పోయించాడు. ఎత్తింది నేనూ అత్తా.

శనివారం పదిన్నరకే ట్రాక్టరు వచ్చింది. ముందు సీటులో డ్రైవరు పక్కన జ్ఞానయ్య సారు.

"పన్నెండు అన్నరు గద సార్!" అన్నాడు మామ.

"పన్నెండింటికి మొద్దులు మిల్లుల ఉండాలె. ఇక్కడ గాదు."

హమాలీలు దిగీ దిగగానే చిన్న మొద్దును దొర్లించి ట్రాక్టరులోకి ఎక్కించారు. రెండోదాని వైపు వస్తుంటే మామ అడ్డంగా నిలబడ్డాడు. అన్నిటికన్నా పొడుగు మొద్దు అప్పటికే మిషను మీద బిగించి ఉంది.

"ఇది ఒక్క కోత చూడున్రి సార్. తేడ వస్తే మూడూ తోలుకపోన్రి. నేనే ఎక్కిస్త."

సారు గడియారం చూసుకున్నాడు. "కొయ్యి."

మామ నాబు నాలుగు మీద పెట్టి బండిని కదిలించే చిన్న పిడి నొక్కాడు. బండి ఊగింది. ఒక జానెడు నడిచి, ఆగి, మళ్ళీ కుదుపుతో జరిగింది. రంపం ఇంకా కట్టెకు తగలనే లేదు. హమాలీల్లో ఒకతను, "ఇదా నడుసుడు?" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

మామ బండి ఆపాడు. ఎవరివైపూ చూడలేదు. నూనె పైపు మీద అరచెయ్యి వేసి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "పైపుల గాలి ఉన్నది" అన్నాడు. మోటారు దగ్గర ఒక నట్టు అర చుట్టు వదులు చేశాడు. అక్కడి నుంచి నూనె బుడగలు బుడగలుగా చిమ్మింది. బుడగలు తగ్గి, దారంలా సన్నటి ధార వచ్చేదాకా ఆగి, నట్టు బిగించాడు. బండిని ఉత్తగా నాలుగుసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాడు. సారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

మళ్ళీ నాలుగు. బండి కదిలింది. రంపం వేపలో దిగింది. చేదు వాసన పందిరంతా నిండింది. మొద్దు సగంలో పిడికిలంత ముడి ఉంది. అది దగ్గరపడుతుంటే మామ చెయ్యి నాబు వైపు పోయి ఆగిపోయింది. ముడి తగిలింది. ఇంజను గొంతు బరువెక్కింది. బండి ఆగలేదు. ముడిలోంచి అదే నడకతో పోయి, అవతలికి వచ్చి, దూకకుండా, మొద్దు కొసదాకా నడిచింది.

రాజం పలకను లేపి రెండు బల్లల మీద పెట్టాడు. దారం ఒక కొస నాకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, అంచు పొడుగునా లాగాడు. ఒక కన్ను మూసి చూశాడు. తరవాత రెండో వైపు. తరవాత మందం నాలుగు చోట్ల కొలిచాడు. కావాలనే ఆలస్యం చేస్తున్నాడని నాకు అర్థమైంది.

"చెప్పరాదుర బాబూ!" అన్నాడు మామ.

"ఏం జెప్పాలె? రందా పట్టి సాపు జేసే పని గూడ లేకుంట చేసినవ్. నా పొట్ట కొడ్తున్నవ్."

జ్ఞానయ్య సారు పలక మీద చెయ్యి వేసి చూశాడు. "ఇన్ని రోజులు ఏమైంది మరి దీనికి?"

మిషను అమ్మినవాళ్ళ తప్పు అనొచ్చు. వాల్వులో చెత్త అనొచ్చు. మామకు ఆ మాటలు తోచకపోలేదు, ఆయన పెదవులు కదలడం నేను చూశాను.

"మిషన్‌కు ఏం గాలె సార్. బాయిల అలవాటు మీద నూనె తీసి నీళ్ళమందు పోసిన. ఎవ్వలు అడిగినా మంచిగున్నదన్న. ఆ రెండు మొద్దులు నా చేతులనే పోయినై."

సారు పలక మీది చెయ్యి తీశాడు. హమాలీల వైపు తిరిగి, "ఆ మొద్దు దించున్రి" అన్నాడు.

"ఎక్కియ్యమంటరు, దించుమంటరు, ఏంది సారూ ఇది ఎండల!" అని వాళ్ళు గొణుక్కుంటూ దించారు.

మూడు మొద్దులు మంగళవారం దాకా కోశాడు మామ. ఒక్క పలకా చెడలేదు. కానీ పోయిన రెండు మొద్దులు తిరిగిరావు కదా. రాజం ఎంత సర్దినా పది బెంచీలే వచ్చాయి. ప్రతిష్ఠ రోజు ముందు పది వరసలు వేప బెంచీలు, వెనక నాలుగు వరసలు కిరాయి ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరయ్య మామ పేరు చదివి ముందు బెంచీలో కూర్చోమని పిలిచాడు. మామ లేచి నిలబడి, అందరికీ వినపడేలా, "పద్నాలుగు అని పది ఇచ్చిన అయ్యగారూ. నేను ఇక్కడనే కూసుంట" అని చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాడు. ముందు బెంచీలో ఒక్కతే కూర్చున్న అత్త ఆరాధన అయ్యేదాకా వెనక్కి తిరిగి ఆయనను కళ్ళతోనే తిడుతూ ఉంది.

బయటికి వచ్చాక నోటితో తిట్టింది. "ఇగ నువ్వు బతికినన్ని దినాలు ప్లాస్టిక్ కుర్చీలనేనా?"

"నాలుగు బెంచీల కట్టె దొరికేదాక గంతే."

ఆయన ఆ మాట ఊరికే అనలేదని నాకు ఆగస్టులో తెలిసింది. ముసురుపట్టి ఈదురుగాలి వీచినప్పుడల్లా మామ గొడుగు వేసుకుని కాలనీ అంతా తిరిగి, ఎవరి వాకిట్లో ఏ చెట్టు ఎటు వంగిందో చూసి వస్తున్నాడట. మొన్న మా ఇంటికి వచ్చి, మా గేటు పక్కనున్న వేప కాండాన్ని రెండు చేతులతో చుట్టి కొలిచి, "మస్తు గట్టిగున్నది, ఇప్పట్ల పడది" అని దిగులుగా వెళ్ళిపోయాడు.